ముందే రికార్డు చేస్తే మాట చల్లారిపోతుందా?

“ముందే మాట్లాడి దాచిపెట్టుకుంటే అది ఉద్యమం కాదు, ఉద్యోగం.”

పోయిన నెల ముత్తుకూరులో కార్యకర్తలం కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన అన్న మాట ఇది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. రాత్రి ఇంటికొచ్చి పడుకున్నాక ఆ చప్పట్లు చెవిలో మోగుతూనే ఉన్నాయి. ఆ చేతులు ఎవరివి? టీచర్లవి, లాయర్లవి, రిటైరైన బ్యాంకు ఉద్యోగులవి. ఒకటో తారీఖున జీతమో పెన్షనో అందుకునే చేతులు. వాళ్లు మనవాళ్లే. వాళ్ల చందాలతోనే మన బ్యానర్లు కట్టుకుంటున్నాం, కాదనను. కానీ ఆ మాటకి అక్కడే జవాబు చెప్పాల్సిన ఆడోళ్లు ఆ రోజు సమావేశంలో లేరు. నాట్లకి పోయి ఉన్నారు.

వాళ్లు చెప్పాల్సిన జవాబు నేను రాస్తన్నాను. తప్పులుంటే నావి.

సంగతి తెలియని వాళ్లకి ముందు రెండు ముక్కలు. కృష్ణపట్నం చుట్టుపక్కల వాడల్లో మేము ఫోనులో మాట రికార్డు చేసి వారానికి ఒకసారి వదులుతున్నాం. ఆదివారం రాత్రి ఏడు గంటలకి. పట్నాల్లో దీన్ని పాడ్‌కాస్ట్ అంటారు. మా వాడలో ఫోన్ రేడియో అంటారు. లైసెన్సు అక్కర్లేదు, టవరు అక్కర్లేదు. ఒక ఫోను, చొక్కాకి తగిలించే చిన్న మైకు, చెప్పేదానికి ఒక మనిషి. ఇరవై నిమిషాల మాట. వాట్సాప్‌లో వాడవాడకీ పోతుంది. ఫోను లేని ముసలోళ్ల కోసం అంబేద్కర్ బొమ్మ దగ్గర స్పీకరు పెట్టి వినిపిస్తాం. ఎవరికి ఎప్పుడు వీలైతే అప్పుడు వినొచ్చు, అది దీంట్లో సుఖం. కొత్తది ఎప్పుడొస్తుందో తెలియకపోతే వినే అలవాటే పోతుంది, అది దీంట్లో కష్టం.

మొదట్లో మేమూ ఆ పెద్దాయన చెప్పినట్టే చేశాం. ఆదివారం పొద్దున రికార్డు, రాత్రికి విడుదల. వేడి వేడిగా. మూడు నెలలు బాగా నడిచింది. తర్వాత నవంబరు వచ్చింది. మా జిల్లాలో వానలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2015 నవంబరు, 2021 నవంబరు వరదలు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. వానొచ్చిన రోజు కరెంటు ఉండదు, కరెంటు లేకపోతే ఫోను ఉండదు. వాన తెరిపిచ్చిన రోజు నాట్లు. ఆడోళ్లు తెల్లారకముందే ఆటో ఎక్కితే పొద్దుగూకాక దిగుతారు. వాళ్లకి ఆదివారం లేదు, సోమవారం లేదు. కాంట్రాక్టు పనికి పోయే పిల్లోళ్ల షిఫ్టు ఎప్పుడు మారుద్దో మేస్త్రికే తెలుసు. ఒక ఆదివారం తప్పింది. పోనీలే అనుకున్నాం. రెండోదీ తప్పింది.

మూడో ఆదివారం మా వాడలో ఒక తాత, చూపు సరిగా ఆనదు, కర్ర పట్టుకుని ఏడింటికి బొమ్మ దగ్గరికొచ్చి గద్దె మీద కూర్చున్నాడు. స్పీకరు లేదు. ఎనిమిది దాకా కూర్చున్నాడంట. “ఈ పొద్దు లేదేమో” అనుకుంటా లేచిపోయినాడంట. సంక్రాంతికి మేము మళ్లీ మొదలుపెట్టాం గానీ ఆయన మళ్లీ రాలేదు. ఇంటికి పోయి పిలిచాను. “మీకు కుదిరినప్పుడు మీరు మాట్లాడతారు, నాకు కుదిరినప్పుడు నేను వింటాలే అబ్బయా” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. అది నోటుబుక్కు తిరగేస్తే గానీ నాకు తెలియలేదు. ఆ నెలల్లో తప్పిన ఆదివారాలు సరే, తప్పకుండా నడిచిన ఆదివారాల్లో మాట్లాడిందెవరు? నెల్లూరు నుంచి వచ్చిన ఒక లెక్చరరు. ఒక లాయరు. నేను. మళ్లీ లెక్చరరు. మళ్లీ నేను. ఒక్క ఆడమనిషి గొంతు లేదు. ఒక్క కూలోడి గొంతు లేదు. ఎవరూ కుట్ర చేయలేదు. ఆదివారం పొద్దున పది గంటలకి ఖాళీగా ఎవరుంటారో వాళ్లే మాట్లాడారు, అంతే.

మిత్రులారా, ఇది చూసి నాకు సిగ్గేసింది. వేడి మాట వేడి మాట అంటన్నామే, ఆ వేడికి ఒక ఖరీదుంది. ఆ ఖరీదు పేరు తీరిక. తీరిక ఎవడి దగ్గరుందో మైకు వాడి దగ్గరికి జారిపోతుంది. ఊళ్లో భూమి అట్టానే జారిపోయింది, బడి అట్టానే జారిపోయింది, ఇప్పుడు మన ఫోన్ రేడియో కూడా మన వాళ్లలోనే నెలజీతం ఉన్న వాళ్ల దగ్గరికి జారిపోతుంది. చెప్పిన టైముకి రావడం నెలజీతగాడికి తేలిక, ఎందుకంటే వాడి రోజు వాడికి ముందే తెలుసు. రోజుకూలికి పోయేవాళ్లకి రేపటి రోజు తెలియదు. తెలియని వాళ్లు మాట తప్పకుండా ఉండాలంటే ఒకటే దారి. వీలున్న రాత్రి నాలుగు మాటలు చెప్పి పక్కన పెట్టుకోవడం.

దీన్ని ‘ఉద్యోగం’ అంటారా? నేనైతే వంటింటి తెలివి అంటాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. ఆ సంగతి మా ఆడోళ్లకి ఒకరు చెప్పాలా? మార్చిలోనే చేపలు చీల్చి, ఉప్పేసి, ఎండబెట్టి, కుండల్లో పెట్టుకుంటారు. మే నెలలో ఆ ఎండుచేప పులుసు కుతకుతా ఉడుకుతుంటే “ఇది మార్చి నాటిది, చల్లారిపోయింది, నాకొద్దు” అన్న మొగోణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇంకో మాట. మన ఇళ్లల్లో గాదె ఎప్పుడూ లేదు. గాదెలు ఊళ్లో ఉండేవి. మన తాతలు వాటిని నింపి వచ్చారు గానీ వాటిలో నుంచి తీసుకున్నది లేదు. ఏ రోజు కూలి ఆ రోజు బియ్యం, ఏ పూట కష్టం ఆ పూట కూడు. ఇది మనం కోరుకున్న బతుకు కాదు, మన మీద వేసిన బతుకు. దాచుకునేదానికి లేకుండా చేసిన ఆ లేమినే మనం ఇప్పుడు ‘ఉద్యమ లక్షణం’ అని ఎత్తి చూపిస్తే ఎట్టా? రేపటికి దాచుకోవడం దొరల గుణం, ఏ పూటకాపూట మాట్లాడటం పేదోడి నిజాయితీ అని ఎవరు నేర్పారు మనకి?

పైవాళ్ల గొంతు ఎట్టా వస్తుందో ఒకసారి చూడండి. నా చిన్నప్పుడు విజయవాడ రేడియోలో పొద్దున 6.45కి ప్రాంతీయ వార్తలు. రేడియో రెడ్ల వీధిలో ఒక అరుగు మీద ఉండేది. మా నాయన అరుగెక్కకూడదు గనక వీధిలో నిలబడి విని పనికి పోయేవాడు. ఆ గొంతు ఒక్క రోజు ఆలస్యం కాలేదు. ఊళ్లో జనం దాన్ని బట్టి గడియారాలు సరి చేసుకునేవాళ్లు. ఈ రోజున ప్రధానమంత్రి మాట నెలలో చివరి ఆదివారం పదకొండింటికి వస్తుంది. 2014 అక్టోబరు 3న మొదలైంది, ఎన్నికల నెలల్లో ఆపారు తప్ప మిగతాది తారీఖు ప్రకారం నడుస్తుంది. ఆయన వెనక ఆకాశవాణి మొత్తం నిలబడి ఉంది. మన వెనక ఎవరున్నారు? ఛార్జింగు అయిపోయిన ఒక ఫోను. ఏలేవాడి మాట టైముకి వచ్చి, ఏలబడేవాడి మాట కుదిరినప్పుడు వస్తే జనం ఎవరి మాటని లెక్కలోకి తీసుకుంటారు? మాటలో నిజం ఎంతుందో తర్వాత చూస్తారు. ముందు, వస్తాడా రాడా అన్నది చూస్తారు. బస్సు అయినా అంతే, మేస్త్రి అయినా అంతే.

బాబాసాహెబ్ పత్రికల కథ మన వాళ్లు తారీఖులతో సహా చెప్తారు. ఆ తారీఖుల్లోనే ఒక హెచ్చరిక ఉంది, దాన్ని మాత్రం చెప్పరు. 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ మొదలైంది. పక్షపత్రిక, మన ఈ పత్రిక లాగే. కొల్హాపూర్ షాహూ మహారాజు 2,500 రూపాయలు ఇచ్చాడు. డబ్బులు కడతామన్నా ‘కేసరి’ దాని ప్రకటన వేయలేదు. అంత కష్టపడి పెట్టిన పత్రిక. అదే ఏడాది జూలైలో ఆయన చదువు కోసం లండన్ ఓడ ఎక్కారు. 1923 నాటికి పత్రిక ఆగిపోయింది. 1927 ఏప్రిల్ 3న ‘బహిష్కృత భారత్’ పెట్టారు. దాంట్లో చాలా భాగం ఆయనే రాసి నింపేవారు. ఒక పక్క మహద్ చెరువు పోరాటం, ఒక పక్క కోర్టు, ఒక పక్క పత్రిక. 1929లో అదీ ఆగింది. 1930లో వచ్చిన ‘జనత’ సంపాదక భారం వేరే వాళ్ల భుజాల మీద పెట్టారు. అది పాతికేళ్లు నడిచి 1956లో ‘ప్రబుద్ధ భారత్’ అయింది. ఒక్క మనిషి ఊపిరి మీద నడిచే గొంతు, ఆ మనిషి ఓడ ఎక్కితే ఆగుతుంది. బాబాసాహెబ్ అంతటి వాడికే తప్పనిది మనకి తప్పుతుందా? మన దగ్గర బొజ్జా తారకం గారి సంపాదకత్వంలో 1989లో వచ్చిన ‘నలుపు’ కూడా 1995 దాకానే కదా.

పోనీ చల్లారిన మాట అంటన్నారే, 1955లో బీబీసీ రేడియో వాళ్లు గాంధీ గురించి అడిగితే బాబాసాహెబ్ చెప్పిన జవాబు వినండి. డెబ్బై ఏళ్ల నాటి రికార్డు. ఏప్రిల్ 14 వచ్చిందంటే ఇంగ్లీషు రాని పిల్లోళ్లు కూడా ఫోన్లో ఆ గొంతు పెట్టుకుని వింటారు. ఆ రోజు రికార్డు చేసిన వాళ్లు ఎందుకు చేశారో గానీ, మన చెవికి ఆయన గొంతు మిగిలింది అట్టాంటి రికార్డుల వల్లే. ఆ గొంతులో వేడి తగ్గిందా?

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరు. అప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడోళ్లు నడిపే సంఘం రేడియో ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995 ఫిబ్రవరిలో. అంటే మాలోళ్ల మాదిగోళ్ల ఆస్తి కూడా అనే కదా? కానీ సర్కారు 2002లో కాలేజీలకి, యూనివర్సిటీలకి మాత్రమే తలుపు తీసింది. సంఘాలకి తీసింది 2006 నవంబరులో. మాచ్‌నూరు రేడియో గాల్లోకి ఎక్కింది 2008 అక్టోబరు 15న. ఆ తీర్పు ఇచ్చిన జస్టిస్ పి.బి. సావంతే వచ్చి దాన్ని ప్రారంభించారు.

మరి అప్పటిదాకా ఆ ఆడోళ్లు ఏం చేశారు? ఊరుకున్నారా? యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో పని మొదలైంది. లైసెన్సు లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు, అసలు వస్తుందో రాదో తెలియదు. అయినా జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ, వాళ్ల తోటివాళ్లు రికార్డు చేస్తానే ఉన్నారు. విత్తనాల సంగతులు, పాటలు, మందు ఆకులు, పండగలు. క్యాసెట్లలో ఎక్కించి సంఘాల్లో పెట్టుకుని విన్నారు. పదేళ్లు. మన పెద్దాయన ‘దాచిపెట్టుకోవడం’ అన్నాడే, అట్టా పదేళ్లు దాచిపెట్టుకున్న మాట అది. గేటు తెరుచుకున్న రోజున వాళ్ల దగ్గర చెప్పేదానికి మాట ఉంది, మైకు ముందు వణకని గొంతు ఉంది. రాత్రి ఏడింటికి, పొలం నుంచి వచ్చి గిన్నెలు తోముకున్న ఆడోళ్లు వినే టైముకి రేడియో మోగింది. దాన్ని ఉద్యోగం అని ఏ నాలుకతో అంటాం?

అసలు మీరు ఇప్పుడు చదువుతున్న ఈ కాగితం సంగతేంది? నేను ఇది రాసి, అది అచ్చుకి పోయి, కట్టలు కట్టి బస్సులో వేసి, మీ వాడకి చేరేసరికి పది రోజుల పాత మాట. పదిహేను రోజులకొకసారి తప్పకుండా వస్తున్నందుకే కదా మీరు చందా కట్టారు. అచ్చు మాటకి లేని మైల నోటి మాటకి ఎందుకు అంటింది?

ఇక నా తప్పు చెప్పాలి. చెప్పకపోతే ఈ వాదన ఒంటి కాలు మీద నిలబడినట్టే. ఆ పెద్దాయన దగ్గర కూడా ఒక నిజం ఉంది, అది ఈ సంఘటనలో ఉంది.

నిరుడు ఎండాకాలంలో మేము నాలుగు ఎపిసోడ్లు చేసి పెట్టుకున్నాం. ఫోనులో తారీఖు, టైము పెడితే దానంతటదే విడుదలయ్యే ఏర్పాటు ఉంటుంది, అట్టా పెట్టాం. మూడోది పెళ్లి ఖర్చుల మీద. మా చిన్నమ్మ వరస ఆమె చెప్పింది, అడుగడుగునా నవ్వులు. ఆ శుక్రవారం మా పక్క వాడలో కుర్రోడు ఒకడు పనిలో చనిపోయినాడు. శనివారం శవం వచ్చింది. ఆదివారం మేమందరం అక్కడే ఉన్నాం, పరిహారం మాట తేలేదాకా శవాన్ని ఎత్తనీయలేదు. ఏడింటికి ఒకళ్ల జేబులో ఫోను మోగింది, ఇంకొకళ్ల జేబులో మోగింది. ఎవరో తెలియక నొక్కారు. చిన్నమ్మ నవ్వు ఆ పందిట్లో వినపడింది. కుర్రోడి నాయనమ్మ తలెత్తి చూసి, “శవం ఇంట్లో ఉంటే మీ ఫోను నవ్వతందిరా” అంది.

ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. ఆ ఏర్పాటు చేసింది నేను. ఆపాల్సింది నేను. గుర్తు రాలేదు.

మా కుర్రోళ్లు ఆ రోజే “ఇంక ముందు రికార్డులు వద్దన్నా” అన్నారు. నేను ఒప్పుకోబోయాను. ఒప్పుకోనివ్వకుండా చేసింది ఆ నవ్విన చిన్నమ్మే. “నా నవ్వు తప్పా, మీ కాపలా తప్పా? కుండలో చేప పురుగు పట్టిందంటే కుండ మూత పెట్టనోణ్ని అనాలి, చేపని ఎందుకు అంటారు?” అంది. అప్పటి నుంచి మా దగ్గర దానంతటదే విడుదలయ్యేది ఏదీ లేదు. తారీఖు ముందే పెట్టుకుంటాం, కానీ శనివారం రాత్రి ఇద్దరు కూర్చుని రేపటి ఎపిసోడ్ మొత్తం మళ్లీ వినాలి. ఆ వారం వాడల్లో ఏం జరిగిందో ఆ ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి. వాళ్లు సరే అంటేనే ఆదివారం ఒకరు చేత్తో వదులుతారు. చావు ఉంటే పక్కన పెడతారు.

చావే అక్కర్లేదు, చట్టం మారినా అంతే. 2018 మార్చి మొదట్లో ఎవరైనా అట్రాసిటీ చట్టం మీద చక్కగా రికార్డు చేసి దాచారనుకోండి. మార్చి 20న సుప్రీంకోర్టు కేసుకి ముందు విచారణ, అరెస్టుకి ముందు అనుమతి అని తీర్పు ఇచ్చింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షను చేర్చి ఆ రెండూ అక్కర్లేదని చెప్పింది. ఆ మార్చి రికార్డుని ఏప్రిల్‌లో వినకుండా వదిలి ఉంటే, దాన్ని నమ్మి స్టేషనుకి పోయిన మనిషి గతి ఏంది? కాబట్టి దాచిన మాటకి కాపలా ఉండాలి. కాపలా కష్టమని పంట వేయడం మానేస్తామా?

ఇంకో సంగతి ఆ పెద్దాయన ఊహించి ఉండరు. వేడి మాట చెప్పిన మనిషిని కాలుస్తుంది. ఒక అక్క, ఊరు చెప్పను, పని చెప్పను, మేస్త్రి చేసే చేష్టల గురించి మైకులో చెప్పింది. చెప్పేటప్పుడు ధైర్యంగానే చెప్పింది. నాలుగు రోజుల తర్వాత వచ్చి “నా పేరు లేకపోయినా నా గొంతు గుర్తుపడతారు తమ్ముడా, పిల్లకి ఫీజు కట్టేదాకా ఆపు” అంది. ఆపాం. ఇంకా మా దగ్గర ఉంది. ఆమె చెప్పిన రోజున వదులుతాం, చెప్పకపోతే చెరిపేస్తాం. అదే ఆదివారం పొద్దున చెప్పించి రాత్రికి వదిలి ఉంటే సోమవారం ఆమెకి పని ఉండేది కాదు. మనకి ఒక వేడి ఎపిసోడ్ మిగిలేది. చప్పట్లు కొట్టే వాళ్లు మళ్లీ కొట్టేవాళ్లు.

ఎట్టా చేస్తున్నామో కూడా రాస్తాను, వేరే వాడల వాళ్లు అడుగుతున్నారు గనక. పగలు ఎవరినీ పిలవం. కూలి పోగొట్టి మాట్లాడించడం కూడా వెట్టే. నాట్లు అయిపోయాక జనవరి చివర్లో రెండు రాత్రులు, ఆగస్టులో రెండు రాత్రులు, మధ్యలో వాన పడి పనులు ఆగిన రోజులు. రాత్రి ఎనిమిదికి అన్నాలు అక్కడే. నలుగురైదుగురు ఆడోళ్లు ఒక్కసారే వస్తారు, అసలు కిటుకు ఇదే. ఒక్కదాన్నే కూర్చోబెడితే గొంతు పెగలదు. పక్కన తోడికోడలు, వదిన, పక్కింటి పెద్దమ్మ ఉంటే ఒకరి మాట ఇంకొకరు అందుకుంటారు. మొదటిది ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటుంది. మూడోదానికి వచ్చేసరికి మైకు ఉందనే మర్చిపోతారు. నాలుగు దాటితే గొంతులు ఎండిపోతాయి, ఆపేయాలి. గోడలకి దుప్పట్లు వేలాడదీస్తే మాట మోగదు. ఫ్యాను ఆపాలి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. కుక్కల్ని మాత్రం ఏం చేయలేకపోయాం. “నిన్న”, “ఈ వారం” అనే మాటలు వద్దని ముందే చెప్తాం, తారీఖు చెప్పమంటాం. మొదటి రెండు నిమిషాలు ఖాళీ వదిలి, శనివారం నాడు ఆ వారం కబురు కొత్తగా చెప్పి అతికిస్తాం. ప్రతిదాన్నీ రెండు ఫోన్లలో పెడతాం, నీళ్లలో పడి ఒకటి పోయాక వచ్చిన బుద్ధి.

ఎప్పుడూ నాలుగు ఎపిసోడ్లు కుండలో ఉండాలన్నది మా లెక్క. నాలుగే ఎందుకంటే, 2006 సెప్టెంబరు 14 నోటిఫికేషను ప్రకారం ఫ్యాక్టరీకైనా పవర్ ప్లాంటుకైనా పబ్లిక్ హియరింగ్ పెట్టాలంటే కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 30 రోజులంటే నాలుగు ఆదివారాలు. మా తీరంలో ఉన్న వాళ్లకి ఆ నాలుగు ఆదివారాల విలువ ఏందో వేరే చెప్పక్కర్లేదు. ఆ నెల మేము ఊరూరా తిరగాలి, కాగితాలు చదివించుకోవాలి, అభ్యంతరాలు రాయించాలి. ఎపిసోడ్ చేసేదానికి కూర్చుంటే అవి ఆగుతాయి, అవి చేస్తే ఎపిసోడ్ ఆగుతుంది. కుండలో నాలుగు ఉన్నాయంటే ఆదివారం గొంతు ఆగకుండా వస్తుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. కావాలంటే దాచిన దాన్ని తీసేసి ఆ వారానిదే వేడిగా చేసుకోవచ్చు. దాచుకున్న వాడే వేడిగా మాట్లాడగలడు. ఖాళీ కుండ వాడు ఆదివారం పొద్దున విషయం కోసం వెతుక్కుంటాడు.

నేలటూరులో థర్మల్ కేంద్రానికి దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు. మా వాడల నుంచి దాని పొగగొట్టాలు కనపడతాయి. పిల్లోళ్లని ఆయన ఎవరని అడిగితే కరెంటు ఆఫీసరు అన్న వాళ్లు ఉన్నారు. పెదపాడు దళితవాడలో పుట్టి 1960లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మనిషి. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. ఆయన పుట్టింది 1921 ఫిబ్రవరి 14న. ఈ కథ చెప్పేదానికి వేడి ఎందుకు? ఫిబ్రవరి 14 ఏటా వస్తుంది, ముందే తెలుసు. ముందే తెలిసిన తారీఖుకి కూడా మనం సిద్ధంగా లేకపోతే తెలియని దానికి ఏం సిద్ధమవుతాం?

సంక్రాంతి తర్వాత ఈ నెల చివర్లో రెండు రాత్రులు పెట్టుకున్నాం. సంజీవయ్య గారి కథ తొమ్మిదో తరగతి పిల్ల చెప్తుంది, నోటుబుక్కులో రాసుకుంటా ఉంది. వేట నిషేధం రెండు నెలల్లో బోటు లేని వాళ్లు ఎట్టా బతుకుతున్నారో ముగ్గురు ఆడోళ్లు చెప్తారు. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే ఏం చేయాలో ఒక లాయరు తమ్ముడు చెప్తాడు, ఆయన మాత్రం పది నిమిషాలకి మించకూడదని షరతు. నాలుగోది పాటలు. ఐదోది ఖాళీగా పెట్టాం. ముత్తుకూరు సమావేశంలో ఆ మాట అన్న పెద్దాయన వచ్చి, ముందు రికార్డు ఎందుకు వద్దో మైకులోనే చెప్పాలని కోరుతున్నాం. ఆయన మాట ఒక్క ముక్క కోయం. రాత్రి ఎనిమిదికి రావాలి, అన్నం పెడతాం. ఆడోళ్లు తెల్లారకముందే లేవాలి గనక ముందు వాళ్లది అయిపోతుంది, తర్వాత ఆయన వంతు.